అడ్డతీగల అడవులు – యువజనుల కావలి

అడ్డతీగల అను పేరు వినగానే చరిత్ర చదివినవారికి 1922 వ సంవత్సరము జ్ఞప్తికి వచ్చును. ఆ యేడు అక్టోబరు 15 వ తేదీన అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో ఆ ఊరి పోలీసు ఠాణాపైకి వచ్చెను. ఆ ఒక్క దినమును తలంచుకొని మనము ఆ ఊరిని మరచిపోవుచుందుము. ఆ కోపమునకు మూలమైన అడవి తరువాత ఏమైనది, దానిని కాచు భారము ఎవరి చేతికి వచ్చినది అని విచారించువారు అరుదు. అడవిని కాచుపనికి తనంతట తాను పూనుకొన్న యువకుడు నాయకుడుగా ఎట్లు ఎదుగునో తెలిసికొనుటకు ఈ కొండసీమ చరిత్రను మించిన పాఠము మన దేశమున వేరొకటి లేదని మేము తలంతుము.

గోదావరి మైదానపు వరిచేలను విడిచి ఏలేశ్వరము మీదుగా ఉత్తరముగా సాగినచో, దారి మెల్లగా కొండలలో ప్రవేశించును. కొండరెడ్లు, కోయలు, కొండదొరలు, కొండకమ్మరులు నివసించు సీమ ఇది. మద్ది, వేగిస, ఇప్ప, చింత, జీలుగు, వెదురు ఇచ్చటి సంపద. వీనితోపాటు చెట్లపై అల్లుకొని పైకి ప్రాకు అడ్డతీగ కూడ కలదు. ఊరి పేరునకు అసలు కారణమేదైనను ఆ తీగ పేరు అందులో స్పష్టముగ వినవచ్చుచున్నది. మైదానములో మన పెండ్లిండ్లకు, వ్రతములకు, అన్నసంతర్పణలకు విస్తళ్లు కుట్టుట ఈ అడ్డాకుతోనే. ఆకు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకు దెచ్చినది ఏ కొండకాంత చేతులో మనము ఎరుగము.

ఈ అడ్డతీగను ఇద్దరు రెండు విధములుగ చూచిరి. కలపకై అడవిని పెంచు అటవీశాఖవారికి ఇది మంచి మ్రాకును చుట్టి వంకరచేయు కలుపు, నరికివేయదగినది. గిరిజనునికి ఇది ఆకు, నార, నాలుగు డబ్బులు. అడవిని గూర్చిన తగవు అంతయు ఈ ఒక్క తీగలో ఇమిడియున్నది. అడవి ఎవరికొరకు, దేనికొరకు అను ప్రశ్నకు రెండు జవాబులున్నచోట కావలివాడు కూడ పరాయివాడుగనే కనబడును.

1882 లో మద్రాసు అటవీ చట్టము వచ్చినది. కొండలపై గీతలు గీచి, ఇది రిజర్వు అడవి, ఇందు పోడు కొట్టరాదు అని శాసించిరి. పోడు అనగా కొండవాలున చెట్లుకొట్టి, ఎండకాలమున కాల్చి, తొలకరికి ఆ బూడిదలో సామలు, కొర్రలు, కందులు చల్లుకొనుట. రెండు మూడేండ్లు పండించి ఆ వాలును విడిచిపెట్టి వేరొకచోటికి పోవుదురు. విడిచినచోట అడవి మరల మొలచును. జనము తక్కువగను, అడవి విస్తారముగను ఉన్న దినములలో ఈ పద్ధతి సాగినది. చట్టము దీనిని నేరముగ చేసెను గాని దీనికి బదులు అన్నము చూపలేదు. అంతకుముందే 1879 లో, కల్లుగీతపై విధించిన చిగురుపన్ను మొదలైన బాధలచేత రంప దేశము ఒకమారు భగ్గుమన్నది. ఆ నిప్పు ఆరలేదు, నివురుగప్పినది.

అట్టి సీమకు 1917 లో ఒక యువకుడు వచ్చెను. 1897 జులై 4 న పాండ్రంగిలో పుట్టిన రామరాజుకు అప్పటికి ఇరువది యేండ్లు. కృష్ణదేవిపేటను నెలవుగ చేసికొని మన్యమంతయు కాలినడకను తిరిగెను. సహాయనిరాకరణోద్యమ దినములలో మద్యము మానుడనియు, కోర్టులకు పోక పంచాయతులలోనే తగవులు తీర్చుకొనుడనియు గిరిజనులకు బోధించెను. ఇది మనము సాధారణముగ తొందరలో దాటిపోవు ఘట్టము. తుపాకి పట్టిన నెలలను వర్ణించినంత ఇష్టముగ, ఈ అయిదేండ్ల నడకను మన రచయితలు వర్ణింపరు. కాని ఆతడు నాయకుడైనది ఈ అయిదేండ్లలోనే. ఎవరి పోడు ఎక్కడ ఉన్నదో, ఏ ముఠాదారునికి ఎవరితో వైరమో, రోడ్డుపనిలో ఎవరి కూలి ఎంత ఎగవేయబడినదో తెలిసికొననివానిని ఆ జనము వెంబడింపరు.

గూడెము డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ నర్సీపట్టణము నుండి చింతపల్లికి వేయించిన రోడ్డుపనిలో చాలీచాలని కూలికి గిరిజనులచేత నిర్బంధముగ చాకిరి చేయించెను. ఓర్పు నశించినది. 1922 ఆగస్టు 22 న చింతపల్లి, 23 న కృష్ణదేవిపేట, 24 న రాజవొమ్మంగి ఠాణాలపై దాడులు జరిగెను. గాము గంటముదొర, గాము మల్లుదొర సోదరులు రాజునకు కుడిభుజములు. అక్టోబరులో అడ్డతీగల, పిదప 19 న రంపచోడవరము. 1924 మే 7 న కొయ్యూరులో రాజును కాల్చిచంపిరి. అప్పటికి ఆతనికి ఇరువదియేడేండ్లు నిండలేదు. చెరసాల పాలైన మల్లుదొర స్వతంత్ర భారతమున 1952 లో లోకసభకు ఎన్నికయ్యెను. తిరుగుబాటుదారుడు శాసనకర్తయైన ఈ సంగతి మన యువకులు తెలిసికొనదగినది.

స్వరాజ్యము వచ్చినది, అడవి చట్టపు గీతలు మాత్రము చెరగలేదు. 1950 లో కె. ఎం. మున్షీ కేంద్రమంత్రిగ ఉండగా వనమహోత్సవము ప్రారంభమైనది. 1969 లో, గాంధీ శతజయంతి యేట, 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవా పథకము వెలసినది. విద్యార్థులు గునపములు పట్టి మొక్కలు నాటిరి. సంతోషమే. కాని ఆషాఢములో నాటిన మొక్కను వైశాఖములో చూచువాడు ఎవడు? మేకనుండి, నిప్పునుండి, గొడ్డలినుండి దానిని కాచువాడు ఎవడు? నాటుట ఒక దినపు ఉత్సవము, కాచుట నిత్యకృత్యము. నాయకత్వము ఈ రెండవదానిలోనే పుట్టును.

ఈ సత్యమును మన పొరుగువారు మనకన్న ముందు గుర్తించిరి. పశ్చిమ వంగ రాష్ట్రములోని ఆరాబారిలో 1972 లో ఎ. కె. బెనర్జీ అను అటవీశాఖాధికారి, పాడుపడిన సాల వనమును చుట్టుప్రక్కల ఊళ్ల జనులచేతనే కాపించి, ఫలములో వారికి పాలు పంచు ప్రయత్నము చేసెను. ఒరిస్సా గ్రామములలో ఠెంగాపల్లి అను ఆచారము కలదు. ఠెంగా అనగా కర్ర, పల్లి అనగా వంతు. నేడు అడవి కాచివచ్చినవారు సాయంకాలము ఆ కర్రను పొరుగింటి వాకిట ఆనించుదురు. రేపటి కావలి ఆ ఇంటిది. జీతము లేదు, చీటీ లేదు. అధికారము కర్రరూపమున ఇల్లిల్లు తిరుగును. ఇంతకన్న చక్కని ప్రజాస్వామ్యపాఠము ఏ పుస్తకములో కలదు?

మన రాష్ట్రమున 1992 లో వన సంరక్షణ సమితులకు ప్రభుత్వము అనుమతి ఇచ్చెను. ఇంటికి ఒక స్త్రీ, ఒక పురుషుడు సభ్యులు, వారిలోనుండి కార్యవర్గము. అట్టి సమితిలో చేరిన కొండయువకుని పని ఎట్టిది? మాఘము వెళ్లగానే ఎండుటాకు రాలును. నిప్పు ప్రాకకుండ గట్లవెంబడి ఆకు ఊడ్చి బాట చేయవలెను. రాత్రివేళ పొగ కనిపించినచో నలుగురిని లేపి పచ్చికొమ్మలతో పరుగెత్తవలెను. గొడ్డలితో వచ్చినవాడు మేనమామ కొడుకైనను ఆపవలెను; ఆపి, పగ పెంచుకొనకుండ మాటాడి పంపవలెను. సభలో తీర్మానము వ్రాయవలెను, లెక్క చదివి వినిపించవలెను, రేంజి అధికారి ఎదుట కూర్చుండి తన ఊరివారి మాట చెప్పవలెను. పాఠశాలలో చివరి బల్లపై కూర్చున్న కుర్రవాడు ఇట్టి పనులలో రెండేండ్లు నలిగినచో ఊరి పెద్దలు ఆతని మాటకొరకు చెవి యొగ్గుదురు. బావను ఆపగలిగినవాడు రేపు వ్యాపారిని ఆపగలడు.

అయినను లోపములను దాచుట మాకు సమ్మతము కాదు. సమితి సొమ్ము బ్యాంకులో అధ్యక్షుని పేరను, అటవీశాఖ ఉద్యోగి పేరను ఉమ్మడిగ ఉండెడిది. పెత్తనము ఎవరి వైపు మొగ్గునో ఊహింపవచ్చును. ప్రపంచ బ్యాంకు ఋణముతో పనులు సాగినంతకాలము కూలి దొరికినది, సభలు నిండినవి. ఋణము ముగియగానే పెక్కుచోట్ల సభలు పలుచనైనవి. కూలికి కాచినవాడు కూలి ఆగగానే ఆగును. అంతకన్న పెద్ద తప్పు వేరొకటి. కొన్నిచోట్ల పేదల పోడుభూములనే సమితికి అప్పగించి మొక్కలు నాటించిరి. తన అన్నపు చేను పోగొట్టుకొన్నవానికి వనసంరక్షణ యనుమాట 1882 నాటి శాసనమువలెనే వినిపించినచో తప్పెవరిది?

2006 డిసెంబరులో పార్లమెంటు అటవీ హక్కుల చట్టమును ఆమోదించెను. గిరిజనులకు చారిత్రకముగ అన్యాయము జరిగినదని ఆ చట్టము తన పీఠికలోనే ఒప్పుకొన్నది. సాగుచేసికొను భూమిపై హక్కుతోపాటు, తమ ఉమ్మడి అడవిని కాపాడి, పెంచి, నిర్వహించుకొను హక్కును గ్రామసభకు ఇచ్చినది. కావలి ఇక అనుగ్రహము కాదు, అధికారము. కాని హక్కు కాగితముపై ఉన్నంతమాత్రమున అడవి నిలువదు. ఎల్లలు నడచి చూపువాడు, పటము గీయువాడు, ముసలివారి సాక్ష్యము వ్రాసికొనువాడు, గ్రామసభలో లేచి మాటాడు పిల్ల కావలెను. ఈ పనులకు యువజనులే తగినవారు.

2022 ఏప్రిల్ 4 న మన్యమున అల్లూరి సీతారామరాజు పేరను ఒక జిల్లా ఏర్పడినపుడు అడ్డతీగల అందులో చేరెను. పేరు పెట్టుట సులభము. ఆ పేరుగలవాడు అయిదేండ్లు నడచిన నడకను నడచుట కష్టము. నూరేండ్ల క్రిందట ఆ కొండలలో యువకుడు నాయకుడగుటకు ఠాణాపైకి పోవలసివచ్చినది. నేటి యువకునికి గ్రామసభ వాకిలి తెరచియున్నది. ఈ భేదమును కొనుటకు ఎందరి ప్రాణములు వెచ్చమైనవో మరువరాదు.

ఈసారి విందులో విస్తరి ముందర కూర్చున్నపుడు, ఆ ఆకు కుట్లను ఒక్క క్షణము చూడవలెనని చదువరులకు మా మనవి. తీగను నరుకక, ఆకును మాత్రమే కోసి, వచ్చే యేటికి తీగను మిగిల్చిన చేయి ఒకటి ఆ కొండపై ఉన్నది. ఆ చేతికి తోడుగ నిలుచువాడే మనకు కావలసిన నాయకుడు.