లోయ కోత పరిమాణం అంచనా

నది లోయను తొలిచి ఎంత రాతిని, మట్టిని మోసుకుపోయిందో డిజిటల్ ఎత్తుల దత్తాంశంతో లెక్కగట్టే పద్ధతి ఇది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక రాడార్‌తో సేకరించిన ఎత్తులను ఇందుకు విరివిగా వాడతారు. అందులో నేలను చదరపు గడులుగా విభజిస్తారు; ఒక్కో గడి భుజం సుమారు 30 మీటర్లు. లోయకు ఇరువైపులా మిగిలిన గట్ల ఎత్తులను కలిపి, కోతకు ముందున్న నేలను కంప్యూటర్‌లో పునర్నిర్మిస్తారు. ఆ ఎత్తులోంచి నేటి ఎత్తును తీసివేసి, గడి వైశాల్యంతో గుణించి, అన్ని గడులూ కూడతారు.

కష్టమంతా ఆ పాత నేలను ఊహించడంలోనే ఉంది. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ ఉత్తర అంచు దక్షిణ అంచుకన్నా సుమారు 300 మీటర్లు ఎత్తు. పాత నేల చదునుగా ఉండేదనుకుంటే లెక్క తప్పుతుంది. రెండు అంచుల మీదా ఒకే కైబాబ్ సున్నపురాయి పొర ఉండడం ఇక్కడ గొప్ప ఆధారం. ఈ లోయ ఖాళీ సుమారు 4.17 లక్షల కోట్ల ఘనపు మీటర్లు. కొలరాడో నది దీన్ని 50–60 లక్షల ఏళ్లలో తొలిచిందన్న ప్రబల అభిప్రాయాన్ని తీసుకుంటే, ఏటా సగటు కోత 7–8 లక్షల ఘనపు మీటర్లు.

గట్లు కూడా అరిగి ఉంటాయి కనుక ఇలా వచ్చేది కనీస అంచనా. అడుగున ఒండ్రు పేరుకున్న లోయల్లోనైతే ఒండ్రు మందం తెలిపే బోర్ల వివరాలు లేనిదే ఆ అంకెను నమ్మకూడదు.