ముక్కలుగా వెళ్లి, ఒక్కటిగా చేరే ఉత్తరం

మీరు హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఫోను చేశారనుకోండి. పాత టెలిఫోను పద్ధతిలో మీ మాటలు పూర్తయ్యేదాకా ఆ రెండు ఊళ్ల మధ్య ఒక దారిని మీకే కేటాయించి ఉంచాలి. మీరు మాట్లాడకుండా ఊరుకున్నా ఆ దారిలో మరొకరికి ప్రవేశం లేదు. మధ్యలో ఎక్కడైనా తీగ తెగితే సంభాషణ ఆగిపోతుంది.

మనుషుల మాటలకు ఈ పద్ధతి సరిపోయింది. కానీ కంప్యూటర్లు అలా మాట్లాడవు. క్షణంలో బోలెడు సమాచారం పంపి, తర్వాత చాలాసేపు మౌనంగా ఉంటాయి. వాటికోసం దారి మొత్తం పట్టి ఉంచడం దండగ. మరి ఏం చేయాలి?

పెళ్లివారి ప్రయాణం

ఈ ప్రశ్నకు 1960లలో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఒకే జవాబు కనుగొన్నారు. సమాచారాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి పంపాలన్నదే ఆ జవాబు. ఆ ముక్కకు 'ప్యాకెట్' అని పేరు పెట్టింది డేవిస్.

పెళ్లివారందరూ ఒకే బస్సులో పట్టకపోతే ఏం చేస్తారు? నలుగురు నలుగురుగా దొరికిన బస్సెక్కుతారు. ఒకరు ఈ దారిన, మరొకరు ఆ దారిన వెళ్లినా అందరి దగ్గరా పెళ్లింటి చిరునామా ఉంటే చాలు. ప్యాకెట్లూ అంతే. ప్రతి ప్యాకెట్ మీద చేరవలసిన చిరునామా, పంపినవారి చిరునామా, వరుస సంఖ్య ఉంటాయి. కూడళ్లలోని కంప్యూటర్లు చిరునామా చూసి ముందుకు పంపుతాయి. ఒక దారి మూసుకుపోతే మరో దారి పట్టిస్తాయి. గమ్యం చేరాక వరుస సంఖ్యల ప్రకారం ముక్కలన్నీ తిరిగి కూడుకుంటాయి. ఏదైనా తప్పిపోతే, ఆ ఒక్కటే మళ్లీ పంపితే సరిపోతుంది.

1969 అక్టోబరు 29 రాత్రి కాలిఫోర్నియాలో ఈ ఆలోచనకు పరీక్ష జరిగింది. లాస్ ఏంజిలిస్‌లోని విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు 'లాగిన్' అనే మాట పంపబోయారు. మొదటి రెండక్షరాలు చేరగానే అవతలి కంప్యూటర్ కుప్పకూలింది! సుమారు గంట తర్వాత ప్రయత్నం ఫలించింది. ఇదే ఆర్పానెట్ తొలి సందేశం.

తర్వాత మరికొన్ని నెట్‌వర్కులు పుట్టాయి. దేని నియమాలు దానివే కావడంతో ఒకదాని మాట మరొకదానికి అర్థమయ్యేది కాదు. 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అన్నింటికీ పనికివచ్చే ఉమ్మడి నియమాలను ప్రతిపాదించారు. 1983 జనవరి 1న ఆర్పానెట్ ఆ నియమాలకు మారింది. ఇంటర్నెట్‌కు పునాది పడింది.

మన దేశంలో

1986లో మన ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఎర్నెట్ మొదలైంది. ఐఐటీలు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, బొంబాయిలోని ఎన్‌సీఎస్‌టీ ఇందులో పాల్గొన్నాయి. ఫోను కలవడమే గగనమైన రోజులవి. మంచి లైన్లు వచ్చేదాకా ఆగుదామని మనవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. లైను దొరికినప్పుడే ఒక కంప్యూటర్ మరొకదానికి ఫోను చేసి, తన దగ్గర పోగుపడిన ఉత్తరాలు అప్పగించి పెట్టేసేది. మొదట్లో ఉన్న సేవ ఈ ఈమెయిల్ ఒక్కటే.

1991 జనవరిలో ఢిల్లీ, బొంబాయిల మధ్య ప్రత్యేక లైను వేశారు. దాని వేగం సెకనుకు 9,600 బిట్లు. ఒక అక్షరానికి 8 బిట్ల చొప్పున లెక్క వేయండి. సెకనుకు 1,200 ఇంగ్లీషు అక్షరాలు! ఒక పేజీ ఉత్తరానికి రెండు సెకన్లు చాలు. కానీ నేటి సెల్‌ఫోను తీసే 30 లక్షల బైట్ల ఫోటోకు దాదాపు 42 నిమిషాలు పడుతుంది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్ సేవలు ప్రారంభించింది. అంతదాకా ముఖ్యంగా పరిశోధన, విద్యాసంస్థలకే పరిమితమైన ఇంటర్నెట్ అప్పుడు సాధారణ పౌరులకూ అందుబాటులోకి వచ్చింది.

మన అక్షరం మాటేమిటి?

కంప్యూటర్‌కు తెలిసినవి అంకెలే. అందుకే ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇవ్వాలి. 1963లో అమెరికా తయారుచేసిన ఆస్కీ పట్టికలో ఉన్నవి 128 సంఖ్యలే. అందులో తెలుగుకు చోటు లేదు. అందుకే మొదటి తరం తెలుగువాళ్లు ఈమెయిళ్లలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. భారతీయ లిపుల కోసం మన దేశం ఇస్కీ పట్టికను రూపొందించింది. దాని ఆధారంగానే మన లిపులు 1991లో యూనికోడ్‌లోకి ప్రవేశించాయి. ఇప్పుడు మీరు 'అమ్మ' అని టైపు చేస్తే అ, మ, పొల్లు, మ అనే నాలుగు సంకేతాలుగా, 12 బైట్లలో అది ప్రపంచమంతా తిరుగుతుంది.

12 బైట్లంటే 96 బిట్లు. చిరునామాల బరువు పక్కన పెడితే, 1991 నాటి ఆ నెమ్మది లైను మీద కూడా 'అమ్మ'ను సెకనుకు వంద సార్లు పంపవచ్చు. ఆస్కీ పట్టికతో మాత్రం ఒక్కసారి కూడా పంపలేం. చూశారా! అడ్డుపడింది తీగ వేగం కాదు, నియమం. తీగ మన ఊరికి వచ్చినంత మాత్రాన చాలదు. నియమాలు రాసే చోట మన భాష తెలిసినవాళ్లు కూడా ఉండాలి. ఆ పని ఇంకా ముగియలేదు. దేశంలో సొంత లిపి కోసం ఎదురుచూసే భాషలు ఇంకా ఉన్నాయి. వాటికోసం పనిచేసేవారిలో రేపు మీరూ ఒకరు కావచ్చు.