కూర్మన్నపాలెం నుంచి కురుసుర దాకా

కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఆదివారం పూట విశాఖ బీచ్‌కి బయల్దేరే వాళ్లకి గాజువాక దాటాక రెండు దారులున్నాయి. ఎడమవైపు పోతే విమానాశ్రయం మీదుగా ఎన్ఏడీ, కుడివైపు పోతే సింధియా, మల్కాపురం. ఈ పేర్లు రోజూ కండక్టర్ల నోట వినేవే. ఎన్ఏడీ అంటే నేవల్ ఆర్మమెంట్ డిపో, నేవీ వారి ఆయుధాల గోదాము. సింధియా అంటే ఇక్కడ ఓడల కర్మాగారం పెట్టిన షిప్పింగ్ కంపెనీ. విమానాశ్రయం ఉన్నది నేవీ స్థావరం ఐఎన్ఎస్ డేగాలో. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూడబోయే వాళ్లకి సగం చరిత్ర బస్సు కిటికీలోంచే కనబడుతుంది. మిగతా సగం తెలుసుకుని వెళితే బీచ్ రోడ్డు మీద వరుసగా నిలబెట్టిన యంత్రాలన్నీ ఒకే కథలోని అధ్యాయాలని అర్థమవుతుంది.

ఆ కథలో విశాఖ చాలాకాలం ఇతరుల యుద్ధాలకు రంగస్థలమే. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి సేనాని లినోయిస్ మూడు యుద్ధనౌకలతో ఈ తీరానికి వచ్చాడు. రేవు ఎదుట ఇంగ్లీషువారి సెంచూరియన్ అనే యుద్ధనౌక, దాని అండన రెండు వర్తక నౌకలు లంగరు వేసి ఉన్నాయి. గంటల తరబడి ఫిరంగులు మోగాయి. వర్తక నౌకల్లో ఒకటి ఫ్రెంచివారి చేతికి చిక్కింది, రెండోది ఒడ్డుకు కొట్టుకుని ముక్కలైంది. సెంచూరియన్ ఛిద్రమైనా లొంగలేదు. యూరపులో నెపోలియన్ కాలపు పగ ఇక్కడి అలల మీద తీర్చుకున్నారు. దానికి గుర్తుగా బీచ్ రోడ్డు మీద నిలబెట్టిన యంత్రమేదీ లేదు.

ఆ తర్వాత శతాబ్దానికి పైగా గడిచాక, 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకుంది. 1941 జూన్‌లో సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాదే, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం మూటాముల్లె కట్టుకుని ఊరు విడిచిపోయారు. ఓడల పని కొన్నాళ్లు బొంబాయికి తరలింది. ఆనాడు సముద్రం వైపు గురిపెట్టిన తుపాకుల జ్ఞాపకం ‘కోస్టల్ బ్యాటరీ’ అన్న పేట పేరులో మిగిలింది. పేలకుండా మిగిలిన ఒక జపాను బాంబు బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. అందుకే చూపు అక్కణ్ణుంచే మొదలుపెట్టాలంటాను. ముందు జలాంతర్గామి చూసి వస్తే ఈ బాంబు పాత ఇనుపముక్కలా కనిపిస్తుంది. ముందే చూస్తే, తూర్పు తీరానికి సొంత కాపలా ఎందుకు కావలసి వచ్చిందో అదే చెబుతుంది.

స్వతంత్రం వచ్చాక కూడా ఆ కాపలా వెంటనే రాలేదు. మన నౌకాదళం బలమంతా చాలాకాలం బొంబాయిలోనే ఉండేది. 1968 మార్చి 1న విశాఖ కేంద్రంగా తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది. అంతకు కొద్ది నెలల ముందే, 1967 డిసెంబరు 8న మన తొలి జలాంతర్గామి కల్వరి సోవియట్ దేశంలోని రీగా రేవులో నౌకాదళంలో చేరింది. అదే రేవులో 1969 డిసెంబరు 18న చేరిన నాలుగోది కురుసుర. ఈ జలాంతర్గాములకు విశాఖ స్థావరమైంది.

1971 ఈ ప్రాంతానికి రెండు రకాలుగా గుర్తుండే సంవత్సరం. జనవరి 20న ఇందిరాగాంధీ విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. పాకిస్తాన్‌తో యుద్ధంలో, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక, ఆ దేశపు జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయట మునిగిపోయింది. ఒకప్పుడు అమెరికా వారి డయాబ్లో అది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చింది. విక్రాంత్‌ని అప్పటికే అండమాన్ వైపు దాచి, ఇక్కడే ఉందన్న భ్రమ కల్పించడానికి రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ని వాడారు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే ఘాజీని ముంచాయని మన నౌకాదళం మాట. తన మందుపాతరలు గానీ లోపలి పేలుడు గానీ దాన్ని ముంచాయని పాకిస్తాన్ మాట. ఈ వాదం ఇంకా తెగలేదు.

మ్యూజియం మెట్లెక్కుతూ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: ఘాజీని ముంచింది ఇదేనా? కాదు. 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమాలో మన జలాంతర్గామి దాన్ని వేటాడటం కల్పన. కురుసుర 1971 నవంబరులో గస్తీ కాసింది అరేబియా సముద్రంలో. ఈ సంగతి ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లడం మంచిది. 1971 యుద్ధ విజయానికి, అందులో అసువులు బాసిన మన వారికి గుర్తుగా 1996లో కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం దగ్గర కాసేపు ఆగి, ఆపైన కురుసురలోకి నడవాలి.

కురుసుర బతుకు సినిమా కథలా సాగలేదు. 1970ల మధ్యలో దాన్ని పక్కనబెట్టి, భాగాలు ఊడదీసి తోటి జలాంతర్గాములకు అమర్చారు. మరమ్మతులయ్యాక 1980లలో మళ్లీ సముద్రమెక్కింది. మొత్తం 73,500 నాటికల్ మైళ్లు తిరిగి 2001 ఫిబ్రవరి 27న విరమించింది. 91 మీటర్ల ఆ ఇనుప దేహాన్ని ఒడ్డుకు లాగి నిలబెట్టడానికి 18 నెలలు, రూ.5.5 కోట్లు పట్టాయి. 2002 ఆగస్టు 24 నుంచి జనాన్ని లోపలికి అనుమతించారు. లోపల దారి చూపేది విశ్రాంత నౌకాదళ ఉద్యోగులే. టార్పెడో గొట్టాలు, సోనార్ గది, బల్లంత వంటగది, ఒకదానిపై ఒకటిగా పడకలు, వంగి దూరాల్సిన గుండ్రటి ద్వారాలు. డెబ్భై అయిదు మంది దాకా ఇందులోనే ఉండేవారంటే మనకి నమ్మకం కుదరదు. బ్యాటరీలు నింపుకోవడానికి పైకి వస్తే శత్రువు కంటపడే భయం, రాకపోతే ఊపిరాడని ఇబ్బంది. ఆ జీవితమంతా ఈ రెంటి మధ్యే.

రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ఉంది. జలాంతర్గాములను పైనుంచి వేటాడటానికి 1988లో నౌకాదళం తెచ్చుకున్నది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు, 50 మీటర్ల రెక్కలు. 29 ఏళ్ల సేవ తర్వాత 2017 మార్చిలో అరక్కోణంలో విరమించి, ఏప్రిల్‌లో ఎగురుతూనే విశాఖ చేరింది. ఇక్కడ విప్పి, బీచ్‌కి తెచ్చి, మళ్లీ బిగించారు. డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. దాక్కునేది ఒకవైపు, వెతికేది ఇంకోవైపు. రెండూ ఒకే పూట చూస్తే సముద్ర యుద్ధం ఎలా నడుస్తుందో బోధపడుతుంది. సీ హారియర్ యుద్ధవిమానం కూడా ఆ తర్వాత ఈ వరుసలో చేరింది.

అన్నీ ఇలా దక్కలేదు. ఘాజీ వెతుక్కుంటూ వచ్చిన విక్రాంత్ ముంబైలో కొన్నేళ్లు మ్యూజియంగా నిలిచింది. పోషించలేక 2014లో ముక్కలు చేశారు. మరో విమానవాహక నౌక విరాట్‌ను విశాఖకు తెస్తామని మన రాష్ట్రం ముందుకొచ్చినా అది కుదరలేదు. 2020లో అది గుజరాత్‌లోని అలంగ్ తుక్కు యార్డుకి చేరింది. నీళ్లలో తేలే ఓడను మ్యూజియంగా నిలుపుకోవడం ఏనుగును మేపడమే. కురుసుర నిలిచింది నేల మీదకి తెచ్చారు గనుక, ఆ పని విరమించిన వెంటనే మొదలైంది గనుక, రోజూ టిక్కెట్టు కొనే జనం ఉన్నారు గనుక.

మామూలుగా సోమవారం మ్యూజియానికి సెలవు. మిగతా పనిదినాల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక బయల్దేరితే సరిపోతుంది. ఆదివారం రద్దీ ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి లోపల నడక కష్టం, వాళ్లని విమానం దగ్గర కూర్చోబెట్టండి. చివరగా ఒక మాట. కురుసుర దిగి ఇసుకలోకి వచ్చాక ఒకసారి సముద్రం వైపు తిరిగి చూడండి. ఘాజీ ఇప్పటికీ అక్కడే, నీటి అడుగున, తన మనుషులతో సహా ఉంది.