డేనిష్ సమాసపదాలు: అక్షర విభజన, ఊనిక

డేనిష్ భాషలో ‘వీన్’ అంటే వైను. వైను తాగే గ్లాసు ‘వీన్‌గ్లాస్’. ‘రోడ్’ అంటే ఎరుపు. ఎర్ర వైను కోసం వాడే గ్లాసును ‘రోడ్‌వీన్స్‌గ్లాస్’ అంటారు. మధ్యలో కొత్తగా చేరిన ‘స్’ను గమనించండి. మొదటి భాగమే ఒక సమాసమైతే, అది అక్కడితో ముగిసిందని తెలపడానికి తరచుగా ఈ ‘స్’ వస్తుంది. ఎర్ర వైనుకు గ్లాసా, ఎర్రటి వైను గ్లాసా అన్నది మనం విగ్రహవాక్యం చెప్పుకొని తేల్చుకొంటాం. డేనిష్‌లో ఆ పని ఒక్క హల్లు చేస్తుంది.

రాతలో కనిపించే ఆధారం ఇంతే. మిగిలినది చెవికి తెలియాలి. ‘ఎర్రని వైను’ అని రెండు మాటలుగా పలికితే బలమైన ఊనిక ‘వీన్’ మీద పడుతుంది. సమాసంగా పలికితే అది ‘రోడ్’ మీదికి జరుగుతుంది. పదం ఎంత పొడవైనా ప్రధానమైన ఊనిక సాధారణంగా మొదటి భాగానిదే. తరువాతి భాగాలకు దక్కేది తక్కువ స్థాయి ఊనిక.

దీనితో ముడిపడిన మరో లక్షణం ‘స్టోడ్’, అంటే అక్షరం పలికేటప్పుడు కంఠం క్షణకాలం బిగుసుకోవడం. ‘ఆమె’ అనే అర్థమిచ్చే ‘హున్’కూ, ‘కుక్క’ అనే అర్థమిచ్చే ‘హున్’కూ ఉచ్చారణలో తేడా ఇదొక్కటే. ‘వీన్’ను విడిగా పలికితే స్టోడ్ ఉంటుంది, ‘వీన్‌గ్లాస్’లో పోతుంది. కాబట్టి సమాసం ఎక్కడ మొదలైందో శ్రోతకు ఇది కూడా తెలుపుతుంది.

స్టోడ్‌ను మొదట శాస్త్రీయంగా వర్ణించినవాడు యెన్స్ పెడర్సన్ హోయ్స్‌గోర్. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో ఆయన ఆచార్యుడు కాడు, బంట్రోతు. 1743లో వెలువడిన తన రచనలో ఆయన దానిని వివరించాడు. 1747లో ఊనికలకు ప్రాధాన్యమిస్తూ ఒక వ్యాకరణమే ప్రచురించాడు. పండితుల దృష్టి అక్షరాల మీద ఉన్నప్పుడు ఆయన మాటను విన్నాడని చెప్పవచ్చు.

అయినా డేనిష్ లిపిలో ఊనికకు గాని, స్టోడ్‌కు గాని తప్పనిసరి గుర్తు చేరలేదు. 1948 సంస్కరణ నామవాచకాల మొదట పెద్ద అక్షరం రాసే పద్ధతిని తొలగించింది. పంక్తి చివర పదాన్ని విరిచే నియమంలో మాత్రం ఈ నిర్మాణం బయటపడుతుంది. మామూలు పదంలో రెండు అచ్చుల మధ్య ఉన్న ఒంటరి హల్లు తరువాతి పంక్తికి పోతుంది. సమాసాన్ని మాత్రం భాగాలు కలిసినచోటే విరవాలి: ‘రోడ్‌వీన్స్-’ అన్నది పై పంక్తిలో, ‘గ్లాస్’ కింది పంక్తిలో.