గట్టు నుంచి మెట్టకు: రాజమహేంద్రి విస్తరణ

రాజమహేంద్రవరం కథ చెప్పేవారు రాజరాజ నరేంద్రుడితో మొదలుపెట్టి, నన్నయ దగ్గర కాసేపు నిలిచి, వీరేశలింగం గారి దగ్గరికి వచ్చేస్తారు. అది సబబే. పదకొండో శతాబ్దంలో భారతాంధ్రీకరణకు శ్రీకారం చుట్టిన ఊరు ఇది. 1881 డిసెంబరు 11న వితంతు వివాహం జరిపించి ఆంధ్రదేశాన్ని కదిలించిన ఊరు. ఆ గర్వం మనకు ఎప్పటికీ ఉంటుంది. అయితే ఈ ఊరు ఏ దిక్కుకు పెరిగింది, ఎందుకు పెరిగింది అన్నదీ తెలుసుకోదగ్గ చరిత్రే.

తొలినాళ్ళలో ఊరంతా కోట చుట్టూ, రేవుల వెంట. గోదావరి పక్కనే ఉన్నా పొలానికి నీళ్ళు అందని కాలమది. 1833 ప్రాంతపు డొక్కల కరువు తెలుగునేలను తుడిచిపెట్టింది. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి ముగించాక డెల్టా రాత మారింది. పంటతో పాటు చదువు మీద ఆశా పెరిగింది. 1853లో బడిగా పుట్టి, 1873లో కాలేజీ అయిన ఆర్ట్స్ కాలేజీకి రైతుల పిల్లలు తరలివచ్చారు. ఇన్నీసుపేట, దానవాయిపేట, ఆర్యాపురం ప్లీడర్లతో, పంతుళ్ళతో నిండాయి. 1900లో హేవలాక్ వంతెన మీద రైలు నది దాటింది. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చాక కొవ్వూరు దాదాపు పక్కవీధి అయిపోయింది. పేపరుమిల్లు, పొగాకు పరిశోధన కేంద్రం, ఆ తరవాత ఓఎన్‌జీసీ ఎక్కడెక్కడివారినో ఇక్కడికి తెచ్చాయి.

అసలు మలుపు నేల స్వభావంలో ఉంది. ధవళేశ్వరం దిగువన మాగాణి. తూర్పున రాజానగరం వైపు ఎర్రమట్టి మెట్ట. పడమర గోదావరి ఎలాగూ జరగదు. అందుకే ఊరు మెట్టెక్కింది. జాతీయ రహదారి వెంట బొమ్మూరు, మోరంపూడి, లాలాచెరువు, దివాన్‌చెరువు ఒకదానికొకటి అల్లుకుపోయాయి. కడియం మాత్రం మొక్కల నర్సరీలతో తన నేలను తాను నిలబెట్టుకుంది; ఆ పట్టుదల నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది. కొత్త కాలనీల్లో కోనసీమ రైతులు ఎందరో. పిల్లల ఇంజనీరింగు చదువుకని ఫ్లాటు కొంటారు, శనివారం బస్సెక్కి ఊరెళ్ళి కొబ్బరి దింపు చూసుకుంటారు, ఆదివారం సాయంత్రం అరటిగెలతో తిరిగొస్తారు. మూడో అంతస్తు బాల్కనీలో వేలాడే ఆ గెలను చూస్తే డెల్టా ఇంకా చెయ్యి వదల్లేదని తెలుస్తుంది.

2011 లెక్కల్లో నగరపాలక సంస్థ పరిధిలో సుమారు 3 లక్షల 40 వేల మంది. చుట్టుపక్కల ఊళ్ళను కలుపుకుంటే 4 లక్షల 70 వేలు పైమాటే. అంటే అప్పటికే లక్షమందికి పైగా హద్దు అవతల నగర జీవితం గడుపుతున్నారు. 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం రాజానగరంలో వెలిసింది. అలా ఆదికవి పేరు కూడా మెట్టకే చేరింది. 2015 పుష్కరాల వేళ కొవ్వూరు నుంచి గామన్ వంతెన తెరుచుకుంది, ఆ ఏడాదే రాజమహేంద్రవరం అన్న పాత పేరు ఊరికి తిరిగొచ్చింది. ఆ పుష్కరాల తొలిరోజునే తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఈ ఊరి చరిత్ర రాసే ఎవరూ దాన్ని దాటవేయకూడదు. 2022లో తూర్పు గోదావరికి జిల్లా కేంద్రమయ్యాక కలెక్టరేటు బొమ్మూరులో కొలువుదీరింది.

ఇంత పెరిగినా, శివారు లేఅవుట్లలో రోడ్డు ముందు, మురుగుకాలువ తరవాత. వాన పడితే పల్లపు వీధుల్లో నీళ్ళు నిలుస్తాయి. నల్లా ఛానల్ అనే కాలువలోని మురుగు చేరేది మనం పుణ్యస్నానం చేసే నదిలోకే. కరువును ఐదేళ్ళ పనితో జయించిన గడ్డ ఇది. 2027 పుష్కరాలకు ఘాట్లకు రంగులేసే ముందు శివారు ఊళ్ళ చెరువుల హద్దులు తేల్చండి, కాలువలు తవ్వండి, మురుగును శుద్ధి చేశాకే గోదావరిలోకి వదలండి.