పెంపుడు ఎలుకల తిండి కథ

పెంపుడు ఎలుకకు ఏం పెట్టాలో చెప్పే శాస్త్రం, ఎలుకలను పెంచే సరదా కంటే చాలా ఆలస్యంగా పుట్టింది. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో ఎలుకలు పట్టి బతికిన జాక్ బ్లాక్, దొరికినవాటిలో వింత రంగులవి ఏరి పెంచి, వాటి పిల్లలను అమ్మేవాడు. కుక్కల చేత వందల ఎలుకలను చంపించి పందేలు కాసే రోజులవి. 1901లో మేరీ డగ్లస్ చొరవతో ఐల్స్‌బరీ ప్రదర్శనలో ఎలుకలకూ పోటీ పెట్టారు. అక్కడ చూసింది రంగు, బొచ్చు, ఒడ్డూపొడుగే. తిండి ఎవరిష్టం వారిది.

మలుపు అమెరికాలోని విస్కాన్సిన్ వ్యవసాయ కళాశాలలో వచ్చింది. ఆవుల మేతపై పరీక్షలకు ఏళ్లు పడుతుండటంతో, కొద్దిగా తిని త్వరగా పెరిగే జంతువు కావాలనుకున్నాడు ఎల్మర్ మెకాలమ్. రైతుకు శత్రువైన ఎలుకను కళాశాల మేపడమేమిటని పెద్దలు అడ్డుచెప్పారు. పశువుల కొట్టంలో పట్టిన ఎలుకలు చేతికి లొంగలేదు. చివరికి 1908 ప్రాంతంలో షికాగోలోని ఒక పెంపుడు జంతువుల వ్యాపారి దగ్గర డజను తెల్ల ఎలుకలు కొన్నాడు. సరదాకు మచ్చికైన ఎలుకే పోషకాహార శాస్త్రానికి ఆధారమైంది.

ఆ ఎలుకల కాలనీని చూసుకున్న మార్గరీట్ డేవిస్ తొలి ఏళ్లలో జీతం కూడా తీసుకోలేదు. కేసీన్ అనే పాల మాంసకృత్తి, చక్కెర, లవణాలకు తోడు పంది కొవ్వు గానీ ఆలివ్ నూనె గానీ కలిపి పెడితే ఎలుక పిల్లలు కొన్నాళ్లు పెరిగి ఆగిపోయేవి. వెన్న కొవ్వో, గుడ్డు నుంచి తీసిన కొవ్వో చేర్చగానే మళ్లీ పెరిగేవి. 1913లో వీరిద్దరూ ప్రకటించిన ఆ పదార్థమే తర్వాత విటమిన్ ఎ అయింది. విటమిన్ సి మాత్రం ఎలుక తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. అందుకే ఆ విటమిన్ లోపంతో వచ్చే స్కర్వీ పరిశోధనకు గినీ పందులు కావలసి వచ్చాయి.

కొలంబియా విశ్వవిద్యాలయంలో హెన్రీ షెర్మన్ గోధుమ, పాలపొడి కలిపి మేపాడు. ఆరింట ఒక వంతు పాలపొడితోనే ఎలుకలు తరతరాలు బతికాయి. దాన్ని మూడింట ఒక వంతుకు పెంచితే ఇంకా బాగా పెరిగి, ఎక్కువ కాలం బతికాయి. ప్రాణం నిలిపే తిండి వేరు, ఆరోగ్యమిచ్చే తిండి వేరు అని ఇంత తేటగా తేల్చిన ప్రయోగాలు అరుదు.

నీలగిరుల్లోని కూనూరు ప్రయోగశాలలో రాబర్ట్ మెకారిసన్ వివిధ ప్రాంతాల భారతీయుల భోజనాన్ని ఎలుకలకు పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలున్న సిక్కుల భోజనం తిన్నవి సగటున 235 గ్రాములు తూగితే, మరబియ్యమే ప్రధానమైన మద్రాసు భోజనం తిన్నవి 155 గ్రాముల దగ్గరే ఆగాయి. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కనుక ఈ ఫలితం తెలుగువారి కంచానికీ వర్తించే హెచ్చరిక. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ఉంది.

అయితే ఎంత పెరిగితే అంత ఆరోగ్యమన్న నమ్మకానికి 1935లో దెబ్బ తగిలింది. పోషకాలు తగ్గకుండా తిండి మాత్రం తగ్గిస్తే ఎలుకలు ఎక్కువ కాలం బతికాయని కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెకే చూపాడు. ఇష్టానికి వదిలేస్తే ఎలుకే సరైనది ఎంచుకుంటుందన్న ఆశా నిలవలేదు. కర్ట్ రిక్టర్ శుద్ధమైన పోషకాలను విడివిడిగా పెట్టినప్పుడు ఎలుకలు చక్కగానే ఎంచుకున్నాయి. కానీ 1976లో స్క్లఫానీ, స్ప్రింగర్ అనే పరిశోధకులు చాక్లెట్, బిస్కెట్లు, జున్ను, వేరుశనగ వెన్న లాంటి అంగడి తిళ్లు పెడితే తెగ తిని లావెక్కాయి.

ప్రయోగశాలలన్నిటికీ ఒకే మేత ఉండాలని అమెరికన్ పోషకాహార సంస్థ 1970లలో ఇచ్చిన సూత్రంలో సగం చక్కెరే. ఆడ ఎలుకల మూత్రపిండాల్లో సున్నం పేరుకోవడం వంటి లోపాలు బయటపడ్డాక, 1993లో దాన్ని మార్చారు. పెరిగే ఎలుకకు 20 శాతం కేసీన్, 7 శాతం సోయా నూనె. ఎదిగినదానికి 14 శాతం, 4 శాతం.

వయసునుబట్టి మాంసకృత్తులు, కొవ్వు తగ్గించే ఈ పద్ధతే ఇళ్లలోకీ వచ్చింది. గింజల మిశ్రమం పెడితే ఎలుక పొద్దుతిరుగుడు గింజలు, వేరుశనగలు ఏరుకు తిని మిగతావి వదిలేస్తుంది. అందుకే అన్నీ కలిపి ఒత్తిన పెల్లెట్లు ప్రధానాహారమయ్యాయి. ఆకుకూరలు, కూరగాయలు వాటికి తోడు. మగ ఎలుకలకు నారింజ తొక్క పెట్టవద్దన్న జాగ్రత్తా ప్రయోగశాలదే. అందులోని లిమొనీన్, మగ ఎలుకల్లో మాత్రమే అధికంగా ఉండే ఒక ప్రోటీన్‌తో కలిసి వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.