మోకాళ్ల నొప్పి: మందులు లేని చికిత్స

వయసు మళ్లినవారిని ఏళ్ల తరబడి వేధించే మోకాళ్ల నొప్పికి ప్రధాన కారణం ఆస్టియో ఆర్థరైటిస్. 'గుజ్జు అరిగిపోయింది' అని జనం అనేది దీన్నే. నిజానికి మృదులాస్థితో పాటు దాని కింది ఎముక, కీలు పొర, చుట్టూ ఉన్న కండరాలు కూడా దెబ్బతింటాయి. ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకూ మనిషి పడే బాధకూ చాలాసార్లు పొంతన ఉండదు.

అరిగింది కదా అని నడక మానేయడం మనవాళ్లు తరచుగా చేసే పొరపాటు. కదలిక తగ్గేకొద్దీ తొడ కండరాలు సన్నబడి, కీలుకు ఆసరా పోయి, నొప్పి ముదురుతుంది. అందుకే వ్యాయామాన్నే మొదటి చికిత్సగా చెబుతారు. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి కొన్ని సెకన్లు నిలపడం, వీలైతే చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవడం, నడక, సైకిలు, నీటిలో వ్యాయామం: వీటిలో ఏది విడవకుండా చేయగలరో అదే మంచిది. మొదట్లో నొప్పి కాస్త పెరిగినా కీలు పాడవుతున్నట్టు కాదు. మర్నాటికీ తగ్గకపోతే వ్యాయామం మోతాదు తగ్గించాలి. మానేస్తే మాత్రం వచ్చిన ఫలితం నిలవదు. 2016లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో చైనా వ్యాయామమైన తాయ్ చీ, ఫిజియోథెరపీకి దీటుగా పనిచేసింది.

స్థూలకాయులు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలిపై పడే భారం సుమారు 4 కిలోలు తగ్గుతుందని 2005లో పరిశోధకుడు స్టీఫెన్ మెసియర్ బృందం లెక్కగట్టింది. అదే బృందం 2013లో ప్రచురించిన 18 నెలల అధ్యయనంలో, ఆహార నియమం, వ్యాయామం రెండూ పాటించినవారికి ఏదో ఒకటే పాటించినవారికన్నా నొప్పి బాగా తగ్గింది.

చేతికర్రను నొప్పి లేని కాలి వైపు చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. నేలమీద బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం తగ్గించి కుర్చీ, కమోడ్ వాడితే తెలుగు ఇళ్లలో సగం ఇబ్బంది తీరుతుంది. వేడి కాపడం తాత్కాలిక ఊరట.

ఆక్యుపంక్చర్‌పై ఏకాభిప్రాయం లేదు: కీళ్ల వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ షరతులతో ఒప్పుకుంటే, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022లో వద్దంది. చర్మంమీది నుంచి విద్యుత్తు పంపే టెన్స్ యంత్రాన్ని రెండు సంస్థలూ కాదన్నాయి.

మోకాలు ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా, హఠాత్తుగా బిగుసుకుపోయినా ఇంటి చికిత్సలు ఆపి వెంటనే వైద్యుణ్ణి కలవాలి.